పిడివాదం: మూడు తలుపుల పాఠం

నాది ఇంగ్లిష్ మీడియం. 'డాగ్మాటిక్' అనే మాట తెలుసు గానీ, ఆ గుణాన్ని తెలుగులో 'పిడివాదం' అంటారని ఈ మధ్యే తెలిసింది. వినగానే బిగించిన పిడికిలి గుర్తొచ్చింది. దాని అసలు అర్థం మాత్రం హాస్టల్లో ఒక లెక్క దగ్గర నేర్చుకున్నా.

లెక్క ఇదీ. మూసి ఉన్న తలుపులు మూడు. ఒకదాని వెనక కారు, మిగతా రెండింటి వెనక మేకలు. మీరు ఒకటి ఎంచుకుంటారు. కారు ఎక్కడుందో తెలిసిన హోస్ట్, మిగతా రెండింట్లోంచి మేక ఉన్న తలుపు ఒకటి తీసి చూపిస్తాడు. ఇప్పుడు మీ తలుపు మార్చుకుంటే మంచిదా?

"రెండే మిగిలాయిగా, ఫిఫ్టీ ఫిఫ్టీ" అన్నా. "కాదు మావా, మారిస్తేనే లాభం" అన్నాడు రూమ్మేట్. ఎందుకురా అంటే "వీడియోలో చెప్పారు" అన్నాడు. "నీకు ప్రాబబిలిటీ రాదు, వదిలెయ్" అనేశా. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

మూడో రోజు పైథాన్‌లో కోడ్ రాసి 10,000 సార్లు ఆడించా. మార్చిన ప్రతిసారీ లెక్కేస్తే, కారు 6,600 పైచిలుకు సార్లు వచ్చింది! కోడ్‌లో తప్పుందేమోనని గంటసేపు వెతికా. లేదు. నా మొదటి ఎంపిక సరైనదయ్యే అవకాశం మూడింట ఒక వంతే. హోస్ట్ మేకను చూపించినా అది మారదు. మిగతా రెండు వంతులూ మూసి ఉన్న ఆ రెండో తలుపుకే.

1990లో పరేడ్ అనే అమెరికన్ పత్రికలో మార్లిన్ వోస్ సావాంట్ ఇదే జవాబు రాస్తే, తప్పంటూ వేల ఉత్తరాలొచ్చాయి. రాసినవాళ్లలో పీహెచ్‌డీలూ ఉన్నారు. పాల్ ఎర్డోష్ అంతటి గణితవేత్త కూడా కంప్యూటర్ సిమ్యులేషన్ చూశాకే ఒప్పుకున్నారు.

మరి ఎర్డోష్ పిడివాదా? కాదు. గట్టిగా నమ్మడం, పొరపాటుగా నమ్మడం పిడివాదం కావు. "ఏం చూపిస్తే మారతావ్?" అంటే "ఏం చూపించినా మారను" అనడమే పిడివాదం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాడి ఎదురుగానే కుందేలు ఉంటుంది. వాడు లెక్కపెట్టడంతే.

కులం, రాజకీయం, అభిమాన హీరో... వీటికి కోడ్ రాయలేం. కాబట్టి ఆ ప్రశ్న ఎవరికి వాళ్లం వేసుకోవాల్సిందే.

ఆ రాత్రే ఔట్‌పుట్ చూపించి "సారీ రా, నువ్వే కరెక్ట్" అన్నా. వాడు కాసేపు స్క్రీన్ చూసి, "సరే గానీ, ఎందుకు కరెక్టో నాకూ చెప్పు" అన్నాడు.