పెరటి గుమ్మపు మెట్టు

వీధి గుమ్మమునకు ముగ్గును, మామిడి తోరణమును లభించును. పెరటి గుమ్మమునకు మాత్రము ఎచ్చటనో దొరకిన బండరాయియే మెట్టగును. చీకటిలో నీళ్లబిందెతో దిగు అవ్వ మెట్టును చూడదు. ఆమె పాదమే దానిని నమ్మి దిగును. ఆ నమ్మకము చెడినచో తుంటియెముక విరుగవచ్చును. కావున తాపీపని యెరుగని విద్యార్థియు, పెద్దలు తోడుండగా, కట్టదగిన మెట్లను గూర్చి యిచట వివరింతుము.

మొదట లెక్క చూతము. గడప పైభాగము నేలకు 21 అంగుళముల యెత్తున నున్నదనుకొందము. కట్టవలసిన మెట్లు రెండు. కాని 21ని రెంట భాగింపరాదు. నేలనుండి మొదటి మెట్టు, దానినుండి రెండవ మెట్టు, అందుండి గడప: ఎత్తులు మూడు. ఒక్కొక్కటి 7 అంగుళములు. పాదము మోపు చోటు 12 అంగుళముల వెడల్పుండవలెను. మూడెత్తులును సమానముగా నుండుటయే యన్నిటికంటె ముఖ్యము. మొదటి యెత్తును గ్రహించిన పాదము తక్కినవియు నట్లే యుండునని తలచును.

3 అంగుళముల మందముగల యిటుకకు, తాపీవారు మాలు అనెడి సిమెంటు ఇసుకల మిశ్రమము అర అంగుళము చేరగా, వరుస మూడున్నర అంగుళములగును. రెండు వరుసలు 7. లెక్క సరిపోయినట్లే తోచును. కాని పైని అర అంగుళము పూత పూసినంతనే మొదటి యెత్తు ఏడున్నరయు, కడపటిది ఆరున్నరయు నగును. అందుచే పునాదిని నేలకు అర అంగుళము దిగువననే నిలుపవలెను.

గోడనుండి 2 అడుగులు, గుమ్మము వెడల్పున, అడుగు లోతు త్రవ్వి, దిమ్మిసతో గట్టిగా మోదవలెను. నల్లరేగడి వానకు ఉబ్బి, యెండకు బీటలు వారును. అట్టిచోట ఇంకను లోతుగా త్రవ్వి మొరము నింపి మోదవలెను. అడుగు లోతు మిగిలిన గోతిలో నాలుగున్నర అంగుళముల కాంక్రీటును, అది గట్టిపడిన పిమ్మట రెండిటుక వరుసలను వేసినచో, సరిగా అర అంగుళము మిగులును.

ఇటుకలను ముందుగా నీట నానబెట్టుడు. పొడి యిటుక మాలులోని నీటిని పీల్చివేయును. మాలునకు సిమెంటు 1 పాలు, ఇసుక 6 పాళ్లు. కలిపిన మాలును అరగంటలో వాడుడు. క్రింది వరుస అతుకుపై పై వరుస అతుకు పడనీయకుడు. రసమట్టముతో చూచుచు, వాననీరు గోడవైపు పోకుండ, మెట్టును వెలుపలికి పావు అంగుళము వాలుగా నుంచుడు. పూతను నున్నగా మెరుగుపెట్టక గరుకుగా విడువుడు, తడికాలు జారదు.

పోర్ట్‌లండు సిమెంటునకు 1824లో ఇంగ్లండు దేశీయుడగు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందెను. ఈ సిమెంటు ఎండుటవలన గట్టిపడదు. నీటితో రసాయనికముగా కలియుటవలన గట్టిపడును. కావున తడి గోనెసంచులు కప్పి, 10 దినములు నీరు చల్లుచుండవలెను. తొందరపడి ముందే యెండనిచ్చినచో మెట్టంచు పెళ్లలుగా రాలును.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ పెరటి మెట్ల యెత్తులను కొలబద్దతో కొలిచి వ్రాసికొనుడు. అవి యొకదానికొకటి సమానముగా లేనిచో, ఇంటిలో తక్కిన మరమ్మతులకు ముందు దానినే చేయింపుడు.