సహవాసమువలన దేహమునకు గలుగు మేలుకీడులు

వ్యవసాయ ప్రదర్శకులుగా గ్రామములలో తిరుగు మా వంటివారికి ఒక సంగతి త్వరలోనే తెలియును. క్రొత్త విత్తనమును గూర్చి సభలో గంటసేపు చెప్పినను, వినినవారు తలలూపి యిండ్లకు పోవుదురు. అదే విత్తనమును ఒక రైతు అరయెకరమున చల్లి బాగుగా పండించినయెడల, అతని గట్టుమీద కూర్చుండి మాటలాడు నలుగురును మరుసటి యేట అడుగకుండగనే దానిని తెచ్చుకొందురు. మా ఉపన్యాసము కంటె స్నేహితుని చేను బలమైనది. ఇందు మాకు చిన్నతనమేమియు లేదు.

ఇది మన దేశమునందే కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రమున సంకరజాతి మొక్కజొన్న ప్రబలిన విధమును రయన్, గ్రాస్ అను ఇద్దఱు పండితులు 259 మంది రైతులను విచారించి 1943లో ప్రకటించిరి. ఆ విత్తనము కలదను వార్తను మొదట చాలమందికి తెచ్చినవాడు విత్తనములమ్మువాడు. దానిని వేయుదమను తీర్మానమునకు తెచ్చినవాడు మాత్రము పొరుగు రైతు.

విత్తనము పోవు త్రోవనే అలవాట్లును పోవును. చుట్ట, సారాయి, వేకువనే నడచుట, మందును వేళకు మ్రింగుట, ఇవి యన్నియు మనము ఒంటరిగా నేర్చుకొన్నవి కావు. మొదటి బీడీని తానై కొని కాల్చినవాడు మాకింతవఱకు కనబడలేదు. ఎవరో చెలికాడు ఇచ్చినదే.

మసాచుసెట్సు రాష్ట్రమునందలి ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948 నుండి వైద్యులు జనుల గుండెను, రక్తపు పోటును క్రమముగా పరీక్షించుచు వచ్చిరి. మనుష్యుడు ఇల్లు మారినను మరల కనుగొనుటకై అతని స్నేహితుని పేరును కూడ వ్రాసికొనెడివారు. క్రిస్టాకిస్, ఫౌలర్ అనువారు ఆ పాత కాగితములనుండి 12,067 మంది సంబంధములను కూర్చి, 1971 మొదలు 2003 వఱకు జరిగిన చరిత్రను 2007లో ప్రకటించిరి. ఒకని స్నేహితుడు మితిమీరి లావెక్కినయెడల, అతడును అట్లగు అవకాశము నూటికి 57 వంతులు హెచ్చినది. తోడబుట్టినవారి విషయమున 40, భార్యాభర్తల విషయమున 37. ఒకే కుండకూడు తిను ఆలుమగలకంటె స్నేహితుని ప్రభావమే హెచ్చుగా కనబడుట విచిత్రము. ఇంటి ప్రక్కవానివలన అట్టి మార్పేమియు కనబడలేదు. అయోవా రైతుకు పొరుగువాడన్న దినదినము పని చూచుకొని మాటలాడుకొను మనిషి. పట్టణమున పొరుగువాడన్న ఒక గోడ మాత్రమే. ఇది మా తాత్పర్యము, ఆ పండితులు చెప్పినది కాదు.

పొగ త్రాగుటను గూర్చి వారే 2008లో మఱొక లెక్క చూపిరి. స్నేహితుడు మానినయెడల తానింకను కాల్చు అవకాశము నూటికి 36 వంతులు తగ్గినది. గుంపులు గుంపులుగా ఒక్కమారే మానిరి. మాననివారు క్రమముగా స్నేహముల అంచులకు త్రోయబడిరి.

కాని ఈ లెక్కలను అందఱును అంగీకరింపలేదు. ఒకే తీరువారు ఒకరినొకరు వెదకికొనుట కలదు గదా. చుట్ట కాల్చువాడు అగ్గిపెట్టె గలవాని చెంతకే పోవును. వీధిలో ఒక మిఠాయి దుకాణము వెలసిన స్నేహితులిద్దఱును లావగుదురు. అది ఒకరివలన మఱొకరికి వచ్చినది కాదు. కోహెన్-కోల్, ఫ్లెచర్ అనువారు 2008లో ఇట్టి పద్ధతినే మొటిమలకు, తలనొప్పికి, పొడవునకు అన్వయించి చూడగా, స్నేహితునివలన మనిషి పొడుగగునన్నట్లు కూడ లెక్క వచ్చినది! ఎఱువు వేసిన మడి ప్రక్కనే వేయని మడి నుంచనిదే మేము ఫలితమును నమ్మము. మనుష్యుల స్నేహములను అట్లు మళ్లుగా విడదీయ వీలులేదు. కావున సహవాసమున బలము కలదనుట సత్యమే గాని, 57 అను అంకెను వేదవాక్యముగా పట్టుకొనరాదు.

మన ప్రాంతమున నిదర్శనము కావలెనన్న శ్రీకాకుళము జిల్లాను చూడవచ్చును. అచ్చటి పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట యొక్క నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు ఆచారము కలదు. దీనిని అడ్డపొగ యందురు. 1971లో ప్రకటింపబడిన ఒక పరిశోధనకై 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించిరి. నిప్పు వేడిమి, పొగ తగిలి అంగిలి తెల్లబాఱును, పుండ్లు పడును, కొందఱికి తుదకు రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టును. ఈ అలవాటును ఏ వర్తకుడును ప్రకటనలు వేసి వ్యాపింపజేయలేదు. తల్లులను, తోడి స్త్రీలను చూచి నేర్చినదే.

ఇక మనము చేయదగినదేమి? చెడు స్నేహితుని విడువుమని చెప్పుట సులభము. పల్లెలో అది సాగదు. నీటి వంతు అతనితోనే, గట్టు అతనితోనే, అప్పు పత్రముపై జామీను సంతకమును అతనిదే. పైగా విడువబడినవాడు అలవాటును మానడు, మఱింత లోతుకు దిగును. స్నేహము నుంచుకొని, స్నేహితులు కలిసికొను చోటును, చేయు పనిని మార్చుట మేలు.

పరపతి సంఘమున ఒకని అప్పునకు మఱొకడు జామీను నిలుచును. వాయిదా దాటిన అడుగుటకు అతనికి అధికారము కలదు. దేహము విషయమునను ఇద్దఱు ముగ్గురు అట్టి జామీనును ఏర్పఱచుకొనవచ్చును. రక్తపు పోటుకు మాత్రలు వాడువాడు, ఒంట్లో బాగుగనే యున్నదని నెల నడుమ మానివేయును. టీ దుకాణమున స్నేహితుడు “నేనును మానితిని, నాకేమయినది?” అనును. ఆ ఒక్కమాట వైద్యుని చీటీని చించివేయును. పక్షవాతము వచ్చినవాని పొలము కౌలుకు పోవును, సంఘపు బాకీ నిలుచును, ఇల్లాలు కూలికి పోవును. అదే స్నేహితుడు “ఈ దినము వేసికొంటివా?” యని అడిగినచో పైసా ఖర్చు లేదు.

పొలము పని చేయువానికి నడక యెందులకని కొందఱడుగుదురు. దున్నుట ట్రాక్టరుకు, కోత యంత్రమునకు అప్పగించిన పిమ్మట గట్టుమీద నిలుచుటయే మనకు మిగిలినది. పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల చుఱుకైన నడక వంటి శ్రమ యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పాలకేంద్రమునకు మోటారు సైకిలు మాని ఇద్దఱు కలిసి వడిగా నడచినచో ఇందు చాలవఱకు తీఱును. పురుగుమందు చల్లునపుడు ముఖమునకు గుడ్డ, చేతులకు తొడుగులు ధరించుటయు ఇట్టిదే: ఒక్కడు ధరించిన నవ్వుదురు, ముగ్గురు ధరించిన నవ్వరు.

త్రాగుడు విషయమున మాత్రము ఒక జాగ్రత్త. ఏండ్ల తరబడి దినదినము మితిమీరి త్రాగువాడు స్నేహితుల పంతముమీద ఒక్కమారుగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. అట్టివానిని మొదట వైద్యునియొద్దకు తోడ్కొనిపోవలెను.

బీడీ, చుట్ట మానదలచినవారు ప్రక్కన కూర్చుండి కాల్చువానితో ముందుగా మాటలాడి, ఇద్దఱును ఒకే దినమున మొదలుపెట్టుట మంచిది. మొదటి రెండు మూడు వారములు కష్టముగా నుండును. చిఱాకు పుట్టును, నిద్ర చెడును. ఆ దినములలో టీ దుకాణపు బల్లను విడిచి, సంఘపు అరుగుమీద కలిసికొనుడు. నోటికి ఏదో ఒకటి కావలెననిపించును గనుక వేయించిన శనగలు నాలుగు జేబులో వేసికొనిపొండు.