రంజాను ప్రతి సంవత్సరము ఒకే కాలమున ఏల రాదు?

2025వ సంవత్సరము మార్చి 30వ తేది ఆదివారము మనకు విశ్వావసు నామ సంవత్సరాది. ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణము ముగించుకొని, ఆనాటి సాయంకాలము పడమటి దిక్కున చూచినవారికి సన్నని నెలవంక గోచరించినది. ఆ నెలవంకను చూచియే ముస్లిము సోదరులు నెలనాళ్ల ఉపవాసమును ముగించి, మరునాడు సోమవారము రంజాను పండుగ చేసికొనిరి.

సెలవుల తరువాత తరగతిలో ఒక విద్యార్థి లేచి, "అయ్యవారూ, వారి పండుగయు మన పంచాంగమును బట్టియే వచ్చునా?" అని యడిగెను. వెనుక బల్లపైనున్న మరియొకడు వెంటనే, "కాదురా, వానకాలములో కూడ వచ్చెడిదని మా అవ్వ చెప్పినది" అని బదులు పలికెను. ఇద్దరి మాటలలోను నిజమున్నది. ఇట్టి ప్రశ్నలు బాలురే గాక, పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులును మమ్ము అడుగుట కలదు. కొందరు తెలియక తప్పు సమాధానమును ఇంట పిల్లలకు చెప్పుటయు కలదు. కావున ఈ విషయమును ఒకింత వివరముగా వ్రాయుట యుక్తమని తోచినది.

మొదట లెక్క చూతము. ఒక అమావాస్యనుండి మరియొక అమావాస్యకు సగటున 29½ దినములకు కొంచెము మించిన కాలము పట్టును. అట్టి మాసములు పండ్రెండు చేరిన 354 దినములగును. సూర్యుని బట్టి లెక్కించు సంవత్సరమునకు 365 దినములు. ఈ రెండింటికిని సుమారు 11 దినముల వ్యత్యాసము. మూడేండ్లలో ఈ వ్యత్యాసము ఒక నెలకు మించును. దీనిని అట్లే విడిచినచో మన ఉగాది మెల్లగా మాఘములోని చలికిని, అటుపిమ్మట కార్తికపు వానలకును జరిగిపోవును. వేపపూత లేని ఉగాదియగును. అట్లు కాకుండుటకై మన జ్యోతిష్కులు, ఏ చాంద్రమాసమున సూర్యసంక్రమణము లేదో దానిని అధికమాసముగా గణించి, 19 సంవత్సరములలో 7 మాసములను అదనముగా చేర్చిరి. కావున మన ఉగాది మార్చి, ఏప్రిలు నెలలను దాటి పోదు.

మన చుట్టునున్న తమిళ సోదరుల లెక్క వేరు. వారిది సౌరమానము. చిత్తిరై మొదటి దినము ఏప్రిలు 14వ తేది ప్రాంతమున తప్పక వచ్చును. మనము కూడ సంక్రాంతి విషయమున సూర్యునే అనుసరింతుము గదా! అందుచేతనే అది ఏ యేటనైనను జనవరి నడుమనే వచ్చును. అనగా తెలుగువాని యింట చంద్రుడును సూర్యుడును ఇరువురును కొలువున్నారు. వెంగల్ వంటి గ్రామమున పెరుగు తెలుగు బిడ్డ, ఇంట ఒక సంవత్సరాదిని, వీధిలో మరియొక సంవత్సరాదిని చూచుచునే పెరుగును. మూడవ లెక్కను అర్థము చేసికొనుట వానికి కష్టము కాదు.

ఆ మూడవదియే హిజ్రీ లెక్క. ఇది కేవలము చాంద్రమానము; ఇందు అధికమాసము లేదు. పండ్రెండు నెలలు ముగియగనే క్రొత్త సంవత్సరము. కావున రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందుకు వచ్చుచు, దాదాపు 33 సంవత్సరములలో ఋతువులన్నిటిని చుట్టి తిరిగి తొలి చోటికి చేరును. 1992లో రంజాను పండుగ ఏప్రిలు మొదటి వారమున వచ్చినది. 33 ఏండ్ల తరువాత 2025లో మార్చి 31న వచ్చినది. నడుమ 2010లో సెప్టెంబరు వానలలోను, 2000వ సంవత్సరమున జనవరిలో ఒకసారి, మరల డిసెంబరులో ఒకసారియు వచ్చినది. అవ్వ చెప్పిన మాట ఇదియే.

ఇంక ఆ మొదటి బాలుని ప్రశ్న. 2024లో ఉగాది ఏప్రిలు 9న, రంజాను పండుగ ఏప్రిలు 11న వచ్చినవి. 2025లోను అవి ప్రక్కప్రక్కనే. 2026లో ఉగాది మార్చి 19; ఆ యేటను రెండు పండుగలును ఒక్క అమావాస్య వెంబడివే. దీనిని చూచి రెండును ఎల్లప్పుడును కలిసియే వచ్చునని తలంపరాదు. 2026 మే, జూను నెలలలో మనకు అధిక జ్యేష్ఠము. మనము ఒక నెలను చేర్చుకొందుము, వారు చేర్చుకొనరు. అందువలన 2027లో ఉగాది ఏప్రిలు 7; రంజాను పండుగయో మార్చి రెండవ వారముననే. వెనుకకు పోయి 2023 చూచినను ఇట్లే: ఉగాది మార్చి 22, రంజాను పండుగ ఏప్రిలు 22. ఆ సంవత్సరపు అధిక శ్రావణమే ఆ పిమ్మటి మూడేండ్లు రెండు పండుగలను చేరువ చేసినది. నల్లబల్లపై ఈ నాలుగు తేదీలు వ్రాసి చూపినచో, అధికమాసమన నేమో వేరుగా చెప్పనక్కరలేకయే పిల్లలు గ్రహింతురు.

అధికమాసమును వారేల విడిచిరి? ఇది గ్రంథమునకు సంబంధించిన ప్రశ్న. పూర్వము అరబ్బులు సంవత్సరమున నాలుగు నెలలను పవిత్రములుగా భావించి, ఆ నెలలలో యుద్ధము చేయకుండిరి. కాని అవసరము వచ్చినప్పుడు ఆ పవిత్రమాసమును వాయిదా వేయు పద్ధతియు వారిలో నుండెను. దానికి 'నసీ' యని పేరు. అది మన అధికమాసము వంటిదేయని కొందరు పండితులును, పవిత్రతను ఒక నెలనుండి మరియొక నెలకు మార్చుట మాత్రమేయని మరికొందరును చెప్పుదురు. ఖురాను తొమ్మిదవ అధ్యాయమున 36, 37 వచనములు, నెలల సంఖ్య పండ్రెండే యనియు, ఈ వాయిదా పద్ధతి కూడదనియు నిర్ణయించినవి. నాటినుండి ముస్లిములకు నెలను కలుపుట గాని, జరుపుట గాని లేదు.

హిజ్రీ శకము మొదలైన విధమును గూర్చియు ఒక పొరపాటు వ్యాపించియున్నది. ముహమ్మదు ప్రవక్త జన్మించిన నాటినుండి ఆ శకము లెక్కింపబడునని పలువురు చెప్పుదురు. అది సరికాదు. ఆయన జన్మము సుమారు 570. మక్కాలో వ్యతిరేకత మిక్కుటము కాగా, 622లో ఆయనయు అనుచరులును మదీనాకు తరలిపోయిరి. ఆ వలసకే 'హిజ్రత్' అని పేరు. ఆయన 632లో మరణించిన పిమ్మట, రెండవ ఖలీఫాయైన ఉమరు కాలమున, సుమారు 638లో, ఉత్తరప్రత్యుత్తరములకు తేదీ చిక్కు రాగా, వలస జరిగిన సంవత్సరమును మొదటిదిగా గణించిరి. వలస జరిగినది మూడవ నెలయగు రబీ ఉల్ అవ్వలులో. సంవత్సరము మాత్రము యథాప్రకారము మొహర్రము మొదటి దినముననే ఆరంభమగును. జన్మమును గాని, విజయమును గాని కాక ఊరు విడిచిన సంవత్సరమును శకారంభముగా కొనుట నాకు ఎల్లప్పుడును గమనింపదగినదిగా తోచును.

ఇచ్చట మాటను గూర్చి ఒక మాట. మన పాత పాఠ్యపుస్తకములలో 'మహమ్మదీయులు' అను పదమే కానవచ్చును. ఆ మతమువారు ముహమ్మదును ప్రవక్తగా గౌరవింతురే గాని ఆరాధింపరు. కావున ఆ పదము వారికి రుచింపదు. 'ముస్లిములు' అనుటయే సరియైనది. అట్లే 'వారు చంద్రుని పూజింతురు' అని కొందరు పిల్లలకు చెప్పుదురు. ఇది పెద్ద తప్పు. సూర్యునికి గాని చంద్రునికి గాని సాగిలపడవలదనియు, వానిని సృజించినవానికే సాగిలపడవలెననియు ఖురాను 41వ అధ్యాయము 37వ వచనమున స్పష్టముగా నున్నది. నెలవంక వారికి కాలమును తెలుపు గడియారము వంటిది, దైవము కాదు. ఖురానును తెలుగున చదువవలెనను కోరికగలవారికి మార్గము చూపినవారిలో ఆద్యులు చిలుకూరి నారాయణరావుగారు. అనంతపురము దత్తమండల కళాశాలలో ఉపాధ్యాయులై, 'ఆంధ్ర భాషా చరిత్రము' రచించిన ఆ భాషాశాస్త్రవేత్తయే ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఖురానును తెనిగించిరి.

ముస్లిములనగనే ఉర్దూ భాషవారని తలంచుటయు మనలో కలదు. తెలుగుదేశమున దూదేకులవారు ఇంట తెలుగే మాట్లాడుదురు. తమిళదేశమున లబ్బైలు, మరక్కాయరులు తమిళమునే మాతృభాషగా కలవారు. మతము ఒకటి, ఇంటి భాష మరియొకటి. పిఠాపురమువాసియైన ఉమర్ ఆలీషా కవి (1885–1945) తెలుగుకవిగా ప్రఖ్యాతుడు. అల్పసంఖ్యాక భాషవారమైన మనకు ఈ భేదము ఇతరులకంటె శీఘ్రముగా బోధపడవలసినది.

హిజ్రీ లెక్క మనకు ఏమి సంబంధమని యడుగు రైతు సోదరులు తమ యింటి భూమి కాగితములను ఒక్కసారి తీసి చూడవలెను. అడంగలులోను, జమాబందిలోను 'ఫసలి' యని ఒక సంవత్సరము వ్రాయుదురు. ఆ సంఖ్య పుట్టినది హిజ్రీలోనే! ఫసలనగా పంట. పంట సూర్యుని ననుసరించును. హిజ్రీ చంద్రుని ననుసరించును. హిజ్రీ ప్రకారము పన్ను వసూలు చేసినచో 33 పంటలకు 34 పన్నులు కట్టవలసివచ్చును, రైతు నిలువలేడు. ఉత్తరదేశమున అక్బరు చక్రవర్తి కాలముననే దీనికి ఉపాయము చేసిరి. దక్కనున షాజహాను కాలమున 1636లో, అప్పటి హిజ్రీ సంఖ్యయగు 1046నే గ్రహించి, అటుపిమ్మట దానిని సూర్యుని బట్టి లెక్కించిరి. అందుచేత మన ఫసలికి 590 కలిపినచో, ఆ ఫసలి మొదలైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. 2025 జూలై 1న మొదలైనది 1435 ఫసలి. అదే సమయమున హిజ్రీ 1447 నడచుచుండెను. 1636లో ఒకటిగా బయలుదేరిన రెండు లెక్కలు 389 ఏండ్లలో 12 సంవత్సరములు ఎడబాసినవి. ఏటికి 11 దినముల చొప్పున గుణించి చూచినను ఇంచుమించుగా అంతియే వచ్చును. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిలు 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. రాష్ట్రము మారినను రైతు కాగితముమీద ఫసలి మారలేదు.

మొహర్రమును గూర్చి కొంచెము. మన పెద్దలు దానిని 'పీర్ల పండుగ' యందురు. వాస్తవమునకు ఆ నెల పదవ దినము దుఃఖదినము. 680వ సంవత్సరము అక్టోబరు 10న, హిజ్రీ 61లో, ప్రవక్త మనుమడగు హుసేను కర్బలా మైదానమున చంపబడెను. తెలుగు పల్లెలలో పీర్లను నిలుపుట, గుండము త్రొక్కుట హిందువులు కూడ కలిసి చేయు ఆచారము. ఇవి గ్రంథమున లేనివని అంగీకరింపని ముస్లిములు పెక్కురు గలరు. కావున దీనిని మత విధి యని పిల్లలకు చెప్పరాదు, ఊరి ఆచారమని చెప్పవలెను. నెల్లూరి స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గావద్ద జరుగు రొట్టెల పండుగయు మొహర్రముననే. కోరిక ఫలించినవారు రొట్టె నిత్తురు, కోరిక గలవారు దానిని పుచ్చుకొందురు. మొహర్రము పదవ దినము 2010లో డిసెంబరున, 2024లో జూలై 17న వచ్చినది. చలిలో చెరువున దిగిన యాత్రికుడు మరియొకప్పుడు ఎండలో దిగుటకు కారణము ఆ పదునొకండు దినములే.

తుదకు పాఠశాల విషయము. ఉపవాసము తెల్లవారుజామునుండి సూర్యాస్తమయము వరకు. మంచినీరు సైతము త్రాగరు. లండను వంటి నగరమున జూను నెలలో ఇది 18 గంటలకు మించును. మన ప్రాంతమున అతి దీర్ఘమైన పగటికిని అతి హ్రస్వమైన పగటికిని భేదము గంటన్నర మాత్రమే. కావున ఇచ్చట కష్టము నిడివివలన కాదు, ఎండవలన. 2023 మొదలు వరుసగా కొన్ని సంవత్సరములు రంజాను నెల మన వార్షిక పరీక్షల దినములతో చేరువగా నడచినది. చిన్నపిల్లలకు ఉపవాసము విధి కాదు; యుక్తవయస్సు వచ్చినవారికే. రోగులును ప్రయాణికులును విడిచి, తరువాత ఆ దినములను పూర్తి చేయవచ్చునని రెండవ అధ్యాయము 184, 185 వచనములలో సడలింపు కలదు. అయినను కొందరు బాలురు తల్లిదండ్రులను చూచి ఉత్సాహముతో ఉందురు. అట్టి బాలుడు నోరెండి కూర్చున్నప్పుడు ప్రక్కవాడు సీసా చూపి పరిహసించుట మేము చూచితిమి. వాని ఇంట ఎవరును ఈ సంగతి చెప్పియుండలేదు; చెప్పియుండినచో అట్లు చేసెడివాడు కాడు. వ్యాయామ తరగతిలో అట్టి పిల్లలను నీడన కూర్చుండనిచ్చుటకు ఉపాధ్యాయులకు ఒక చీటి చాలును.

పిల్లలకు సెలవు దినములలో చేయుటకు ఒక లెక్క నిచ్చుచున్నాను. 2025లో రంజాను నెల భారతదేశమున మార్చి 2న ఆరంభమైనది. ఏటికి 11 దినముల చొప్పున వెనుకకు జరుపుచు పోయినచో, ఏ ఇంగ్లీషు సంవత్సరమున ఆ నెల రెండుసార్లు ఆరంభమగును? జవాబు 2030: జనవరి తొలి వారమున ఒకసారి, డిసెంబరు చివర మరియొకసారి. నెలవంక కంటబడుటను బట్టి ఒక దినము అటునిటు కావచ్చును.