మన ఇబ్రహీంపట్నం కింద పెట్రోలు ఉందా?



ఎనిమిదో తరగతిలో బొగ్గు, పెట్రోలియం పాఠం చెప్తుంటే ఒక బాబు లేచి, "టీచర్, మా పొలంలో 600 అడుగులు బోరు వేస్తే దుమ్మే వచ్చింది. ఇంకా లోతుకు పోతే పెట్రోలు వస్తుందా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా నాన్న కొబ్బరికాయతో పాయింటు చూపించి వేయించిన బోర్లు రెండూ ఫెయిలయ్యాయి. ఆ అప్పు తీరడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు.

పెట్రోలు రాదు. మన కింద ఉన్నది గ్రానైటు. కోట్ల ఏళ్ల కిందట బురద, ఇసుక పొరలు పొరలుగా పేరుకున్న చోట్లలోనే పెట్రోలు తయారవుతుంది. మనకు దగ్గర్లో అలాంటి చోటు కృష్ణా-గోదావరి బేసిన్. నరసాపురం, అమలాపురం ప్రాంతం, కాకినాడ ముందున్న సముద్రం దాని కిందికే వస్తాయి. లోతు సముద్రంలో ఒక్క బావికి వందల కోట్లు ఖర్చు. అక్కడ కొబ్బరికాయను నమ్ముకుంటే కుదరదు.

ముందు ఓడ మీద నుంచి నీళ్లలోకి గట్టి శబ్దం పంపుతారు. కింది పొరలకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని కిలోమీటర్ల పొడవున్న కేబుళ్లతో రికార్డు చేస్తారు. తర్వాత లెక్క మన పిల్లలు తొమ్మిదో తరగతిలో చేసేదే: వేగాన్ని కాలంతో గుణించి రెండుతో భాగించాలి. రాతి పొరల్లో శబ్దం సెకనుకు 3000 మీటర్లు పోతుందనుకుంటే, 2 సెకన్లకు తిరిగొచ్చిన ప్రతిధ్వని 3000 మీటర్ల లోతు నుంచి వచ్చినట్టు. అసలు వేగం 3300 అయితే? లోతు 300 మీటర్లు తప్పుతుంది. భూమి లోపలి వేగాన్ని బావి తవ్వకముందు ఎవరూ కొలవలేరు, ఊహించాలి. కంప్యూటర్ ఒక ఊహ తీసుకుని, అది నిజమైతే ప్రతిధ్వని ఎలా రావాలో లెక్కగడుతుంది. రికార్డుతో పోల్చి, తేడా ఉంటే ఊహను సరిచేసి మళ్లీ లెక్కిస్తుంది. మోడలింగ్ అంటే ఇదే.

ఓడలు, రికార్డులు కంపెనీల దగ్గర ఉంటాయి. కొత్త లెక్కల మీద ఏళ్ల తరబడి కూర్చునే ఓపిక పరిశోధన సంస్థలకు ఉంటుంది. అందుకే 1973లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ జాన్ క్లేర్‌బౌట్ ఒక పరిశోధన బృందం పెడితే, ఒకదానితో ఒకటి పోటీపడే చమురు కంపెనీలే తలా కొంత డబ్బు వేసుకుని దాన్ని నడిపించాయి. ఒక రకంగా మన చిట్టీ లాంటిదే!

మనకు అంత దూరం అక్కర్లేదు. ఉప్పల్ వైపు వెళ్లేటప్పుడు హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ బోర్డు చూసే ఉంటారు. 1961లో మొదలైన సంస్థ. వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి లాంటి లావా పొరే గుజరాత్‌లోని సౌరాష్ట్రను కప్పి ఉంది. శబ్దం దాన్ని దాటి కిందికి సరిగ్గా పోదు. ఆ పొర కింద చమురుకు అనువైన పాత పొరలున్నాయేమో చూడటానికి ఎన్‌జీఆర్‌ఐ చమురు రంగంతో కలిసి పనిచేసింది. శబ్దంతో పాటు గురుత్వాకర్షణ, విద్యుత్ కొలతలు కూడా తీసి, అన్నింటికీ ఒప్పే మోడల్ కోసం వెతికారు.

అయినా మోడల్ మోడలే. కాకినాడ ముందు సముద్రంలో కేజీ-డీ6 గ్యాస్ 2002లో దొరికింది, 2009లో ఉత్పత్తి మొదలైంది. రెండేళ్లు తిరగకముందే అంచనాల కంటే బాగా పడిపోయింది. కారణం ఏమిటన్న దాని మీద కంపెనీకి, ప్రభుత్వానికి ఏళ్ల తరబడి వివాదం నడిచింది.

పేరెంట్స్ మీటింగులో చాలామంది "మేడమ్, కోడింగ్ నేర్పండి, చాలు" అంటారు. నేర్పుతాం. కానీ పైన 3000 వేసిన చోట 3300 ఉండాలేమోనని అనుమానం రావాలంటే ఫిజిక్స్ రావాలి, రాళ్ల గురించి కూడా కొంత తెలియాలి. ఈ చదువు ఒకటుందని పదో తరగతి దాటిన పిల్లలకు కూడా మనం చెప్పడం లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో జియోఫిజిక్స్ ఉందని ఎంతమంది ఇళ్లలో మాట్లాడుకుని ఉంటారు?

ఈ నెల ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకు మీ సాయం కావాలి. పాత పెయింట్ డబ్బాలో ఇసుక నింపి, పిల్లలు చూడకుండా లోపల ఒక రాయి పాతిపెట్టండి. చేతికి 100 రూపాయలు ఇచ్చి, చీపురుపుల్లతో గుచ్చి రాయి ఎక్కడుందో, ఎంత పెద్దదో బొమ్మ గీయమనండి. ఒక్కో గుచ్చుకు 10 రూపాయలు మీకు తిరిగి ఇచ్చేయాలి. మిగిలింది వాళ్లదే. బొమ్మ, రాయి రెండూ శనివారం స్కూలుకు పంపండి.