కెమెరాకు ఏ తీగ వేయాలి?

ఇంటికి కాపలా కెమెరా కొనేటప్పుడు అందరూ కెమెరా ధరే అడుగుతారు, తీగ సంగతి ఎవరూ అడగరు. కొన్ని కెమెరాలు పగలు బాగా కనబడి రాత్రి ఆగిపోతాయి. దొంగ వచ్చేదేమో రాత్రే! కారణం చాలాసార్లు తీగే. ఎలాగో లెక్క చేద్దాం.

రికార్డు పెట్టె ఇంట్లో ఉంది. 60 మీటర్ల దూరంలో పశువుల పాకకు 12 వోల్టుల కెమెరా పెట్టాం అనుకుందాం. కరెంటు పోవాలి, మళ్ళీ రావాలి. కాబట్టి తీగ పొడవు 120 మీటర్లు. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే నిరోధం సుమారు 4 ఓమ్‌లు.

పగలు కెమెరా 0.2 ఆంపియర్లు తీసుకుంటే: 0.2 × 4 = 0.8 వోల్టు పోతుంది. 11.2 మిగుల్తుంది, చాలు.

రాత్రి దానిలోని పరారుణ దీపాలు వెలిగి 0.5 ఆంపియర్లు తీసుకుంటే: 0.5 × 4 = 2 వోల్టులు పోతాయి. 10 వోల్టులే అందుతాయి. చాలా కెమెరాలకు అది చాలదు.

గుర్తు పెట్టుకోండి:

1. దూరం పెరిగితే తీగ లావు కూడా పెరగాలి. 1 చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే నష్టం సగమే.

2. మామూలు అనలాగ్ కెమెరా బొమ్మకు ఆర్‌జీ-59 కోయాక్సియల్ తీగ వాడతారు.

3. పీఓఈ ఉన్న ఐపీ కెమెరాకు క్యాట్-6 తీగ ఒక్కటి చాలు, బొమ్మా కరెంటూ అందులోనే పోతాయి. అయితే 100 మీటర్ల వరకే. దాంట్లో దాదాపు 48 వోల్టులు పంపుతారు కాబట్టి నష్టం తక్కువ.

4. రాగి పూత వేసిన అల్యూమినియం తీగలు కూడా అమ్ముతారు. కొనేటప్పుడే కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే కొనొద్దు. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్ల పైనే.

ప్రశ్న: ఇదే 0.5 తీగతో పాక 30 మీటర్ల దూరంలోనే ఉంటే రాత్రి ఎన్ని వోల్టులు అందుతాయి? లెక్క చేసి కింద రాయండి.