గది చివర నిలబడ్డవాళ్ల కోసం

చిన్నీ,

లేదమ్మా, పాతబడలేదు. "ఇప్పుడంతా ఫోన్లే కదా పెదనాన్నా, మా సార్ ఇంకా పాత టీవీ లోగోలు గీయిస్తారెందుకు?" అని విసుక్కున్నావు. నువ్వు పంపిన వార్తల టైటిల్ చూశాక మీ సార్ పక్షమే వహించాలనిపించింది. ఆరు రంగులు, అక్షరానికి రెండేసి నీడలు, వెనకాల గిరగిరా తిరిగే భూగోళం. ఇంత హంగు చేసి, 'రాష్ట్రం'లో ష కింద ట వత్తు, ర వత్తు ఇరుక్కుని పట్టీ అంచున తెగిపోతే చూసుకోవద్దటే?

టీవీ రాకముందు కంపెనీ గుర్తు డబ్బా మీదో, పత్రికలోనో ఉండేది. చూసేవాడు ఎంతసేపైనా చూడొచ్చు. టీవీలో అలా కుదరదు. కనబడేది రెండు మూడు సెకన్లు, అదీ చిన్న తెర మీద, మసగ్గా. 1951లో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ కోసం విలియం గోల్డెన్ తయారుచేసిన కన్ను గుర్తు చూడు. గట్టి వలయం, లోపల కన్ను ఆకారం, నడుమ గుండ్రటి పాప. తీసేయడానికి ఏమీ మిగల్లేదు. అందుకే ఇప్పటికీ వాడుతున్నారు.

మన దూరదర్శన్ గుర్తూ ఈ కోవలోదే. అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీలో చదువుకుంటున్న దేబాశిష్ భట్టాచార్య గీసింది. రెండు వంపులు, మధ్యలో ఒక గుండు. దాన్ని కదిలించడానికి కంప్యూటర్లు లేవు. కాగితాల మీద గీసిన బొమ్మల్ని కెమెరా కింద పెట్టి తిప్పుతూ తీశారు. దానికి రవిశంకర్ బాణీ తోడైంది. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపడింది. రంగుల ప్రసారం మొదలైంది 1982లో. అంటే ఆ గుర్తు నలుపు తెలుపుల్లోనే నిలదొక్కుకుంది.

ఇక్కడ కాస్త ఆగుతాను. నువ్వు ఎన్నిసార్లు విన్నా మళ్లీ చెప్పే మాటే ఇది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఊరికి ఒక్క టీవీ. దాని ముందు ఊరు ఊరంతా! పిల్లలు ముందు నేల మీద, పెద్దవాళ్లు వెనక. అందరికన్నా వెనక నిలబడ్డ మనిషికి ఆ అక్షరం ఎలా కనబడుతుంది? డిజైన్ అంతా ఈ ప్రశ్నలోనే ఉందని నేను నమ్ముతాను. ముందు వరసవాళ్లకు ఎలా రాసినా కనబడుతుంది. మన పనితనం తేలేది ఆఖరి వరస దగ్గరే.

తెలుగుకైతే ఈ పరీక్ష మరీ కష్టం. పాత టీవీ బొమ్మలో 625 గీతలు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి వంతులవారీగా పడేవి. అడ్డంగా గీసిన మరీ సన్నటి గీత ఒక వంతులో కనబడి, ఇంకో వంతులో మాయమై, మినుకుమినుకుమనేది. 'ద'కీ 'ధ'కీ తేడా కింద ఒక చిన్న గీతే కదా. అది నలిగిందా, 'బాధ' కాస్తా 'బాద' అయిపోతుంది. అందుకని అక్షరాల గీతలు లావుగా, లోపలి ఖాళీలు విశాలంగా ఉంచాలి. వరసకీ వరసకీ మధ్య వత్తులకు చోటు వదలాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన పట్టీ మనకు చాలదు. పట్టీ ఎత్తు పెంచు, అక్షరాన్ని నొక్కకు.

అంచుల సంగతీ అంతే. పాత టీవీ చట్రం బొమ్మ అంచుల్ని కొంత మింగేసేది. అందుకే రాతను నడిమి ఎనభై శాతంలోపే ఉంచేవారు. నీ ఫోన్లో రీల్ కింది భాగాన్ని పేరూ, బటన్లూ కప్పేయడం లేదూ? జాగ్రత్త ఒకటే, చోటు మారింది.

రంగులు వద్దనడం లేదు. 1981లో మొదలైన ఎంటీవీ తన లోగోకి పూటకో రంగు, పూటకో వేషం వేసింది. కంపెనీ గుర్తు ఎప్పుడూ ఒకేలా ఉండాలన్న పట్టుదలను సడలించింది. పండక్కో రూపం ఎత్తే ఈనాటి లోగోలు నడిచేది ఆ దారినే. అయితే ఆ లావుపాటి ఎమ్ ఆకారం మాత్రం కదల్లేదు, అందుకే ఎన్ని వేషాలు వేసినా గుర్తుపట్టాం. నీ టైటిల్లో రంగులు తీసేస్తే గుర్తుపట్టడానికి ఏం మిగులుతుందో నువ్వే చూసుకో.

నీ చేతిలో ఒడుపుంది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. తొందరే ఎక్కువ. ఆ టైటిల్ని ఒక్క నలుపుతో మళ్లీ గియ్యి. గోడకి అంటించి, హాల్లో ఆ చివర్నుంచి అమ్మమ్మ చేత చదివించు. ఆవిడ తడుముకోకుండా చదివిందంటే నాకు పంపు. రంగుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రేమతో,
పెదనాన్న