అన్నదాన వంటశాలలకు సామూహిక కూరగాయల తోట: మదనపల్లె ప్రాంతానికి అనువైన ప్రణాళిక

మదనపల్లె, అంగళ్లు, పుంగనూరు ప్రాంతాలు టమాట సాగుకు ప్రసిద్ధి. ధర పడిపోయిన వారాలలో కోతకూలి, రవాణా ఖర్చులైనా రాక రైతులు కాయలను తోటలోనే వదిలివేయడం, రోడ్డు పక్కన పారబోయడం ఇక్కడ పలుమార్లు జరిగింది. అదే టమాట 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో 150 రూపాయలు దాటింది. మిగిలిన టమాటను సేకరించి వంటశాలలకు చేర్చడం మంచి పనే. కానీ అది ఆకుకూరల లోటును తీర్చదు. కనుక దానం కొరకు పెంచే తోట మార్కెట్టులో పొంగిపొర్లే పంటను కాక, వంటశాలకు అందని పంటను పండించాలి.

నేపథ్యం

దాతల నుండి ఆహారాన్ని సేకరించి పేదలకు చేర్చే ఆహార బ్యాంకు 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో మొదలైంది. 1995లో అలాస్కా రాష్ట్రంలోని యాంకరేజ్‌లో ఒక తోటపని కాలమ్ రచయిత, ప్రతి ఇంటివారూ పెరటిలో ఒక సాలు అదనంగా వేసి ఆ పంటను ఆకలిగొన్నవారికి ఇవ్వాలని కోరగా, అది ఉద్యమంగా విస్తరించింది.

తెలుగునాట ఈ పాత్రను అన్నదాన సత్రాలు, బడి భోజనం నిర్వహిస్తున్నాయి. తిరుమల అన్నప్రసాద భవనానికి పేరుగా నిలిచిన వెంగమాంబ మదనపల్లెకు సమీపంలోని తరిగొండకు చెందినవారు. అక్కడికి దాతలు కూరగాయలు పంపుతారు. 2000లో ప్రారంభమైన శ్రీవారి సేవలోని సేవకులు వాటిని తరుగుతారు. పంపేవారు, తరిగేవారు, వండేవారు ఒక క్రమంలో ఉన్నందువలననే దానం నిత్యం భోజనంగా మారుతున్నది. సామూహిక తోటకు కావలసినదీ ఈ క్రమమే.

విస్తీర్ణం అంచనా

బడి భోజన నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు ఇవ్వాలి. 100 మంది పిల్లలకు రోజుకు 5 కిలోలు, 200 పనిదినాలకు 1,000 కిలోలు అవసరం. ఏడాదికి రెండు పంటలలో చదరపు మీటరుకు మొత్తం 4 కిలోలు వస్తాయనుకుంటే 250 చదరపు మీటర్ల మడులు సరిపోతాయి. నడక బాటలతో కలిపి సుమారు 8 సెంట్లు కావాలి. అంటే సమస్య భూమి కాదు, నీరు, మనుషులు.

శ్రమ క్యాలెండరు

జాతీయ సేవా పథకంలోని విద్యార్థి ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. 20 మంది విద్యార్థులతో 2,400 గంటలు, అనగా వారానికి సగటున 46 గంటలు. కాగితంపై ఇది ఎనిమిది సెంట్లకు చాలినంత శ్రమ. అయితే పరీక్షలు, వేసవి సెలవులు వచ్చినప్పుడు, అంటే నీటికి అత్యంత కటకట ఏర్పడే ఏప్రిల్, మే నెలలలోనే, ఆ చేతులు ఉండవు. బడి తెరిచేనాటికి మడులు ఎండిపోతే మొదటి ఏడాదితోనే ఉత్సాహం అడుగంటుతుంది.

కనుక తోటను ఒక్క కళాశాలకు అప్పగించరాదు. అంగళ్లు వంటి చోట విద్యార్థులు మడుల తయారీ, విత్తడం, కంచె పనులు చేపట్టవచ్చు. స్వయం సహాయక సంఘాల మహిళలకు రోజువారీ తడి, కోత బాధ్యత ఇచ్చి, ప్రతిఫలంగా పంటలో ముందే ఒప్పుకున్న వాటా ఇవ్వడం న్యాయం. జీతం లేని పనిని పేద మహిళలపై శాశ్వతంగా మోపితే అది సేవ కాదు, భారం.

పంటల ఎంపిక

బడి నడిచే నెలలకు తోటకూర, పాలకూర, మెంతికూర, చుక్కకూర, గోంగూర అనువైనవి. తోటకూర విత్తిన 25–30 రోజులకు కోతకు వస్తుంది. పది రోజుల వ్యవధితో విడతలుగా విత్తితే ఒకేసారి కుప్పపడక, వరుసగా అందుతుంది. సెలవులను తట్టుకొనుటకు గట్ల వెంట మునగ, కరివేపాకు, అవిసె, బొప్పాయి నాటాలి. పి.కె.యం.-1 మునగ విత్తిన 6–8 నెలలకు కాపుకు వస్తుంది. వేసవి దిగుబడిని సమీప వృద్ధాశ్రమానికో, అంగన్‌వాడీకో మళ్లించాలి. చెత్త కప్పడం, డ్రిప్ అమర్చడం వలన నీటితో పాటు మనుషుల సమయమూ ఆదా అవుతుంది.

కోత, ఆహార భద్రత

ఈ కూరను తినేవారు చిన్నపిల్లలు, వృద్ధులు. నచ్చకపోతే మరొకటి కొనుక్కునే అవకాశం వారికి లేదు. అందువలన రసాయన పురుగుమందులకు తావివ్వకుండా రసం పీల్చే పురుగులకు 5 శాతం వేపగింజల కషాయం వాడాలి. ఆకుకూరలను తెల్లవారుజామున కోసి, తడి గోనెపట్టా కప్పి, వంట మొదలుకాకముందే చేర్చాలి. బరువు తూచి, తేదీతో నోటుపుస్తకంలో రాయాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని చెబుతున్నాయి. ఈ లక్ష్యానికి చేరువ కావాలంటే విత్తన సంచుల పంపిణీ చాలదు. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు తోట ప్రారంభానికి ముందే మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి: ఏ వంటశాలకు ఏ వారం ఏమి కావాలి? మే నెలలో తడి ఎవరు పెడతారు? కోసిన కూరను ఎవరు చేరుస్తారు? వీటికి బాధ్యులు ఖరారైన తరువాతనే మొదటి మడి తవ్వాలి.